జెల్డోవిచ్ అంటే ఒక్కరా, నలుగురైదుగురా?

మెకానికల్_మూర్తి
మా అబ్బాయి బీటెక్ మెకానికల్, మూడో సంవత్సరం. నిన్న రాత్రి వాడి ఐసీ ఇంజిన్ల పుస్తకం ఊరికే తిరగేస్తుంటే "జెల్డోవిచ్ మెకానిజం" కనబడింది. ఇంజిన్ లోపలి వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ ఎలా తయారవుతుందో చెప్పే పాఠం. ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టినవాడినే. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ గెలాక్సీల మీద వీడియో చూస్తుంటే "సున్యాయెవ్-జెల్డోవిచ్ ఎఫెక్ట్" అన్నాడు. రష్యన్ ఆస్ట్రోఫిజిసిస్ట్ అట. డీజిల్ పొగకీ గెలాక్సీకీ ఒకే పేరేమిటి?

ఇద్దరూ ఒకరే అయ్యుంటారని నేను, కాదని మావాడు. మనకి రావులూ రెడ్లూ ఉన్నట్టే వాళ్ళకి జెల్డోవిచ్‌లు బోలెడుమంది ఉంటారట. గూగుల్ చూడకుండా ఇక్కడ అడగాలని ఒప్పందం. ఆదివారం బిర్యానీ ఎవరు కొనాలన్నది దీని మీదే ఉంది.

ఖగోళం_కబుర్లు
ఒక్కరే. యాకొవ్ బొరీసొవిచ్ జెల్డోవిచ్, 1914-1987. బిర్యానీ మీ అబ్బాయి పర్సులోంచి.

రాత్రిపూట_రాజు
ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా గురూ. మేం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం.

సీఎంబీ_సుబ్బు
మూర్తి గారూ, మీకొచ్చిన అనుమానం సాక్షాత్తూ స్టీఫెన్ హాకింగ్‌కే వచ్చింది. జెల్డోవిచ్‌ని స్వయంగా కలిశాక ఆయనకి రాశాడు: మీరు నిజంగా ఒక మనిషేనని ఇప్పుడు తెలిసింది, బూర్బాకీలాగా కొంతమంది కలిసి పెట్టుకున్న పేరనుకున్నాను అని. బూర్బాకీ అంటే ఫ్రాన్స్‌లో కొందరు గణితవేత్తలు ఉమ్మడిగా వాడుకున్న కలం పేరు.

కాబట్టి మీవాడిని మరీ తిట్టకండి. మంటలు, పేలుళ్ళు, అణు గొలుసు చర్యలు, బాంబులు, కణ భౌతికం, నల్ల బిలాలు, విశ్వం పుట్టుక, ఇన్నిట్లో ఒకే పేరు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

డీజిల్_దాసు
ఆ మెకానిజం సంగతి నేను చెప్తాను, పొట్టకూటి విద్య అదే. మామూలు వేడిలో నైట్రోజన్ అణువు ఎవరి జోలికీ పోదు, దాని బంధం అంత గట్టిది. మంట 1800 కెల్విన్ దాటితే ఒంటరి ఆక్సిజన్ పరమాణువు వచ్చి దాన్ని విడగొడుతుంది. ఒక నైట్రిక్ ఆక్సైడ్, ఒక ఒంటరి నైట్రోజన్ మిగులుతాయి. ఆ నైట్రోజన్ పోయి ఇంకో ఆక్సిజన్ అణువుని పట్టుకుంటుంది. మళ్ళీ నైట్రిక్ ఆక్సైడ్, మళ్ళీ ఒక ఒంటరి ఆక్సిజన్. గొలుసు అలా సాగుతుంది.

ఇప్పుడు బండ్లలో పొగని కొంత వెనక్కి తిప్పి ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ ఉంది కదా, అది చేసే పని మంట వేడి తగ్గించి ఈ గొలుసు మొదలవకుండా చూడటమే. ఈజీఆర్ వాల్వు మసి పట్టి నా దగ్గరికి వచ్చే ప్రతి బండి వెనకా జెల్డోవిచ్ ఉన్నట్టే లెక్క. ఆయన గెలాక్సీల మనిషని నాకు ఈ రోజే తెలిసింది.

సీఎంబీ_సుబ్బు
దాసు అన్నా, మీరు చెప్పిన నైట్రోజన్ సంగతే ఆయన డాక్టరేట్. 1939లో, పాతికేళ్ళ వయసులో. అసలు విశేషమేమిటంటే ఆయనకి డిగ్రీ లేదు.

మెకానికల్_మూర్తి
డిగ్రీ లేకుండా డాక్టరేటా? మావాడికి చెప్పకండి బాబూ.

సీఎంబీ_సుబ్బు
నిజమే. 1931లో, పదిహేడేళ్ళప్పుడు, ఖనిజాల శుద్ధి చేసే సంస్థలో లాబ్ కుర్రాడు. ఒకసారి లెనిన్‌గ్రాద్‌లో ఒక పరిశోధనశాల చూడటానికి వెళ్ళి అక్కడివాళ్ళతో వాదన పెట్టుకున్నాడు. ఆ వాదన నచ్చి వాళ్ళు తీసుకున్నారు. సెమ్యోనొవ్ నడిపే కెమికల్ ఫిజిక్స్ సంస్థ అది. సెమ్యోనొవ్‌కి తర్వాత 1956లో రసాయన నోబెల్ వచ్చింది. పాత సంస్థ వాళ్ళు ఈ కుర్రాడిని ఒక పంపుకి బదులుగా వదిలేశారని ఒక కథ కూడా తిరుగుతుంది. కథే, రసీదు ఎవరూ చూడలేదు.

యూనివర్సిటీ పాఠాలు కొన్ని విన్నాడుగానీ పట్టా చేతికి రాలేదు. 22 ఏళ్ళకి క్యాండిడేట్, అంటే మన పీహెచ్‌డీ లాంటిది. 25కి పెద్ద డాక్టరేట్. అప్పట్లో అక్కడ అలా కుదిరింది. ఇప్పుడు మన దగ్గర అయితే అప్లికేషన్ ఫారంలో "డిగ్రీ మార్కుల శాతం" దగ్గరే ఆగిపోయేవాడు.

అట్లతద్ది_అరుణ
రష్యన్ అంటున్నారందరూ. పుట్టింది మిన్‌స్క్‌లో, యూదు కుటుంబంలో. ఇప్పటి లెక్కన బెలారుస్.

ఖగోళం_కబుర్లు
నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే పెట్రోగ్రాద్ (తర్వాతి లెనిన్‌గ్రాద్) వచ్చేశాడు లెండి. పని అంతా రష్యాలోనే. ఆ లెక్క తీస్తే ఆయన శిష్యుడు సున్యాయెవ్ తాతార్, పుట్టింది తాష్కెంట్‌లో, చాలా ఏళ్ళు డైరెక్టరుగా ఉన్నది జర్మనీలో. ఎక్కడని గీత గీస్తాం?

అట్లతద్ది_అరుణ
గీయమనలేదు. రాయమన్నాను.

శాంతి_కావాలి
అందరూ భజన చేస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఈయన సోవియట్ అణుబాంబు చేసినవాడు కాదా?

సీఎంబీ_సుబ్బు
అవును, చేసినవాళ్ళలో ముఖ్యుడు. 1939-40లో తోటి భౌతిక శాస్త్రవేత్త ఖరితోన్‌తో కలిసి యురేనియం గొలుసు చర్య మీద లెక్కలు వేశాడు. యుద్ధంలో కత్యూషా రాకెట్ల మందు ఎలా మండుతుందో చూశాడు. తర్వాత అర్జమాస్-16. మ్యాపులో లేని ఊరు, అసలు పేరు సరోవ్. 1949 ఆగస్టు 29న సెమిపలాతిన్‌స్క్‌లో పేలిన మొదటి బాంబులో ఆయన లెక్కలున్నాయి. హైడ్రోజన్ బాంబులోనూ ఉన్నాయి. మూడుసార్లు సోషలిస్టు శ్రామిక వీరుడు బిరుదు, దాని బంగారు నక్షత్రం ఊరికే ఇవ్వలేదు.

శాంతి_కావాలి
మరి అది కూడా రాయాలి కదా. "నక్షత్రాలు చూసిన మహానుభావుడు" అని ఒక వైపే చెబితే ఎలా. సఖారోవ్ కూడా అదే బాంబు చేశాడు, కానీ తర్వాత నోరు విప్పాడు, 1980లో గోర్కీకి పంపేస్తే దాదాపు ఏడేళ్ళు మగ్గాడు. ఈయన?

పాత_కామ్రేడ్
నోరు విప్పలేదు. నిజమే. అందరూ సఖారోవ్ కాలేరు. స్టాలిన్ కాలంలో యూదుడిగా పుట్టి, రహస్య నగరంలో ఉండి, బతికి బయటపడటమే ఒక పెద్ద లెక్క. ఇంట్లో ఏసీ కింద కూర్చుని మనం మార్కులు వేస్తే సులువే.

శాంతి_కావాలి
మార్కులు వేయట్లేదు బాబాయ్. జవాబు పత్రం మొత్తం చూపించమంటున్నాను.

డల్లాస్_దమయంతి
ఇద్దరిదీ న్యాయమే. ఇంకో సంగతి కూడా ఉంది. బాంబు లోపల పదార్థం ఎలా నలుగుతుంది, అలలు ఎలా పోతాయి అని చేసిన లెక్కలే తర్వాత నక్షత్రం తన బరువుకి తానే కూలిపోతే ఏమవుతుందో చూడటానికి పనికొచ్చాయి. జెల్డోవిచ్ ప్రోద్బలంతో అక్కడి కుర్రాళ్ళు బాంబు కోసం రాసుకున్న పద్ధతులతోనే 1960ల మొదట్లో నల్ల బిలం పుట్టుకని లెక్కగట్టారు. అమెరికాలోనూ లివర్‌మోర్ బాంబు లాబ్‌లో అదే పని జరిగింది. రెండు వైపులా ఒకే విద్య. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రాత్రిపూట_రాజు
ఇంతకీ ఇంజిన్ మనిషి ఆకాశం వైపు ఎప్పుడు చూశాడు?

ఖగోళం_కబుర్లు
1960ల మొదట్లో. యాభైకి దగ్గర పడుతున్నప్పుడు. శిష్యులు ఆయన్ని యాకొవ్ బొరీసొవిచ్ అన్న రెండు మాటల మొదటి అక్షరాలతో "యాబే" అనేవారు. యాభై ఏళ్ళకి యాబే కొత్త సబ్జెక్టు మొదలుపెట్టాడన్నమాట.

రాత్రిపూట_రాజు
యాభైకి యాబే. ఇది ఎన్నేళ్ళుగా దాచి ఉంచావయ్యా?

ఖగోళం_కబుర్లు
పదకొండేళ్ళు.

ఎమ్మెస్సీ_మాధవి
సున్యాయెవ్-జెల్డోవిచ్ ఎఫెక్ట్ ఏమిటో ఎవరైనా మామూలు మాటల్లో చెప్తారా? మా సిలబస్‌లో రెండు లైన్లే ఉంది. ఆ రెండూ మా సార్‌కి కూడా అర్థమైనట్టు అనిపించలేదు.

సీఎంబీ_సుబ్బు
ఇది నా అన్నం గిన్నె, పీహెచ్‌డీలో నాలుగేళ్ళు దీనితోనే కాపురం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

విశ్వం మొత్తం నిండా పాత వెలుగు ఉంది. పుట్టినప్పటి వేడి చల్లారి చల్లారి ఇప్పుడు సుమారు 2.7 కెల్విన్‌కి దిగింది. అన్ని దిక్కుల నుంచీ మైక్రోవేవ్‌లుగా వస్తూనే ఉంటుంది. ఇప్పుడు వందల వేల గెలాక్సీలు ఒకచోట చేరిన గుంపు ఒకటి దారిలో ఉందనుకోండి. ఆ గుంపులో గెలాక్సీల కంటే వాటి మధ్య ఉన్న గ్యాసు బరువే ఎక్కువ. దాని వేడి కోట్ల డిగ్రీలు, పెద్ద గుంపుల్లో పది కోట్ల దాకా పోతుంది. అంత వేడిలో ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగంతో తిరుగుతుంటాయి.

పాత వెలుగు కణం, అంటే ఫోటాన్, నింపాదిగా వస్తూ అలాంటి ఎలక్ట్రాన్‌కి తగులుతుంది. స్పిన్నర్ మెల్లగా వేసిన బంతికి బ్యాట్ గట్టిగా తగిలినట్టు. బంతి వచ్చిన దానికంటే వేగంగా పోతుంది. ఫోటాన్‌కి వేగం పెరగదు కాబట్టి శక్తి పెరుగుతుంది, అంటే పౌనఃపున్యం పెరుగుతుంది. తక్కువ పౌనఃపున్యం దగ్గర ఉండాల్సిన ఫోటాన్లు కొన్ని పైకి జరిగిపోతాయి. అందుకని 217 గిగాహెర్ట్‌జ్‌కి కింద చూస్తే ఆ గుంపు ఉన్నచోట ఆకాశం కాస్త చల్లగా, నీడ పడ్డట్టు కనబడుతుంది. దానికి పైన చూస్తే కాస్త ప్రకాశంగా. సరిగ్గా 217 దగ్గర ఏమీ లేనట్టే ఉంటుంది.

తేడా ఎంతంటే, కెల్విన్‌లో వెయ్యో వంతు కూడా ఉండదు. నూరు ఫోటాన్లు పోతే ఒకటి తగిలితే గొప్ప. 1970ల మొదట్లో కాగితం మీద ఇద్దరూ ఇది రాసినప్పుడు కొలిచే పరికరాలు ఎక్కడున్నాయి?

ఎమ్మెస్సీ_మాధవి
మరి అంత చిన్న నీడ చూసి ఏం లాభం?

సీఎంబీ_సుబ్బు
అసలు మజా అక్కడే. బల్బు దూరం పోయేకొద్దీ మసకబారుతుంది. ఈ నీడ మసకబారదు. గుంపు ఎంత దూరంలో ఉన్నా నీడ లోతు అంతే, ఎందుకంటే ఆ గుంపు ఉన్న కాలంలో పాత వెలుగు కూడా ఇంకా వేడిగా ఉండేది, లెక్క సరిపోతుంది. కంటికి కనబడని దూరపు గుంపుల్ని వాటి నీడతో పట్టుకోవచ్చు. ప్లాంక్ ఉపగ్రహం ఇలా వెయ్యికి పైగా గుంపుల్ని పట్టింది. దక్షిణ ధ్రువంలో ఉన్న టెలిస్కోపూ, చిలీలో అటకామా టెలిస్కోపూ చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి.

ఎమ్మెస్సీ_మాధవి
ఇప్పుడు అర్థమైంది. బ్యాట్ ఉదాహరణ రేపు పరీక్షలో రాస్తే మార్కులు పడతాయా?

డీజిల్_దాసు
స్పిన్నర్ పేరు కూడా రాయమ్మా, బోనస్ వేస్తారు.

అనుమానం_ఆచారి
ఆయనకి అన్నీ తెలిసినట్టు మాట్లాడుతున్నారు. నేను చదివినంతలో ఆయన పెద్ద పప్పులోనే కాలేశాడు. మొదట్లో వేడి మహావిస్ఫోటనాన్నే నమ్మలేదు.

ఖగోళం_కబుర్లు
ఆచారి గారు చెప్పింది నిజం. ఈ కథ నాకు ఇష్టం కూడా.

1960ల మొదట్లో జెల్డోవిచ్ విశ్వం చల్లగా మొదలైందనే వాదం పట్టుకున్నాడు. వేడిగా మొదలైతే పాత వెలుగు ఇప్పటికీ మిగిలి ఉండాలి. అది ఉందా లేదా అన్నది ఎవరో కొలవాలి. ఆయన బృందంలోనే ఉన్న నొవికొవ్, దొరష్కేవిచ్ 1964లో ఒక వ్యాసం రాశారు. ఆ వెలుగుని పట్టడానికి అమెరికాలో బెల్ లాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాల వాళ్ళ కొమ్ము ఆకారపు యాంటెన్నా బాగా పనికొస్తుందని అందులో ఉంది. సరిగ్గా ఆ యాంటెన్నాతోనే పెంజియాస్, విల్సన్ ఆ వెలుగుని పట్టారు, 1978లో నోబెల్ తెచ్చుకున్నారు.

ఇంకా బాధపడాల్సింది ఉంది. అదే యాంటెన్నాతో ఓమ్ అనే ఇంజినీరు 1961లోనే కొలిచిన లెక్క బెల్ లాబ్స్ పత్రికలో అచ్చయింది. అందులో లెక్క తేలని మూడు డిగ్రీలు మిగిలి ఉన్నాయి. మాస్కోలో ఆ పేపరు చదివారు కూడా. కానీ అందులో "ఆకాశం" అన్న పదాన్ని ఒకలా అర్థం చేసుకుని, గాలి వాటా తీసేస్తే మిగిలేది సున్నా అనుకున్నారు. ఓమ్ మాత్రం ఆ పదాన్ని గాలి వాటాకే వాడాడు. అసలు మిగులు ఇంకోచోట ఉంది. ఒక్క మాట అర్థం మారి, వేడి విశ్వం తప్పని జెల్డోవిచ్‌కి ఇంకా గట్టి నమ్మకం కుదిరింది.

మెకానికల్_మూర్తి
అయ్యయ్యో. టెండర్ పేపర్లో "అదనపు" అన్న మాట దగ్గర నాకూ ఇలాగే అయింది, ఆరు లక్షలు. అది వేరే కథ.

అనుమానం_ఆచారి
చూశారా మరి.

సీఎంబీ_సుబ్బు
ఆచారి గారూ, 1965లో వార్త రాగానే ఆయన ఏం చేశాడో కూడా చూడండి. పాత వాదం వదిలేసి అదే వేడి విశ్వం మీద కూర్చున్నాడు. పై నీడ లెక్క పుట్టింది ఆ తర్వాతే. తప్పు పట్టుకుని వేలాడి ఉంటే సున్యాయెవ్ పేరు పక్కన ఇంకెవరి పేరో ఉండేది.

డల్లాస్_దమయంతి
హాకింగ్ విషయంలోనూ అంతే. అది ఇంకా సరదాగా ఉంటుంది.

1971లో జెల్డోవిచ్‌కి ఒక ఆలోచన వచ్చింది. గిర్రున తిరుగుతున్న లోహపు గుండు మీద సరైన తీరులో అల పడితే, గుండు తిరిగే శక్తిలో కొంత తీసుకుని అల బలపడి తిరిగి వస్తుంది. తిరిగే నల్ల బిలం కూడా అంతే చేయాలి, క్వాంటం లెక్కల ప్రకారం దానంతట అది అలలు వదలాలి అన్నాడు. అప్పుడు అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ నమ్మలేదు. పందెం కూడా కాశారు. 1973 సెప్టెంబరులో హాకింగ్ మాస్కో వెళ్ళినప్పుడు జెల్డోవిచ్, ఆయన శిష్యుడు స్తారొబీన్‌స్కీ కలిసి ఈ సంగతి ఆయన ముందు పెట్టారు. హాకింగ్‌కి విషయం నచ్చింది, లెక్క చేసిన పద్ధతి నచ్చలేదు. ఇంటికెళ్ళి తన పద్ధతిలో చేసుకుంటే, తిరగని నల్ల బిలం కూడా వెలుగు వదులుతుందని తేలింది. అదే హాకింగ్ రేడియేషన్, 1974.

ఇప్పుడు తమాషా చూడండి. మొదట ముట్టించిన జెల్డోవిచే తిరగని బిలం వెలుగుతుందంటే ఒప్పుకోలేదు. 1975లో థోర్న్ మాస్కో నుంచి బయల్దేరబోతుంటే అర్జంటుగా ఇంటికి రమ్మని కబురు. వెళితే రెండు చేతులూ పైకెత్తి, ఓడిపోయాను, హాకింగ్ చెప్పిందే నిజం అన్నాడట. ఇది థోర్న్ స్వయంగా రాశాడు.

రాత్రిపూట_రాజు
మా ఆఫీసులో చేతులు పైకెత్తేది ఫైర్ డ్రిల్ రోజు మాత్రమే.

ఎమ్మెస్సీ_మాధవి
గుండు సంగతి ఎవరైనా నిజంగా చేసి చూశారా? కాగితం మీదేనా?

డల్లాస్_దమయంతి
చేశారు. 2020లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు శబ్దంతో చేశారు. మెలిపెట్టిన శబ్ద తరంగాల్ని గిరగిర తిరిగే స్పాంజి బిళ్ళ గుండా పంపితే, బిళ్ళ తగినంత వేగం అందుకున్నాక అవతల శబ్దం పెద్దదై వచ్చింది. శబ్దాన్ని పీల్చుకోవాల్సిన స్పాంజి శబ్దాన్ని పెంచింది. ఐడియా పుట్టి అప్పటికి దాదాపు యాభై ఏళ్ళు.

రాత్రిపూట_రాజు
యాభై అన్నారు, యాబే అన్నారు...

ఖగోళం_కబుర్లు
రాజూ, ఆపు.

పాత_కామ్రేడ్
నాకు ఈయన వేరే దారిలో పరిచయం. 80ల్లో మా ఊరికి విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాలు వచ్చేవి. గట్టి అట్ట, మంచి కాగితం, ధర చూస్తే నవ్వొచ్చేది. అందులో మీర్ ప్రచురణల ఇంగ్లీషు పుస్తకం ఒకటి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఉన్నత గణితం. రచయిత జెల్డోవిచ్. నేను ఇంటర్‌లో కాలిక్యులస్ అంటే వణికేవాడిని. మా లెక్చరర్ ఎప్సిలాన్, డెల్టా అంటూ బోర్డు నింపేవాడు. ఈ పుస్తకంలో ఆ గొడవ లేదు. మార్పుని మార్పుతో భాగించు, మార్పు చిన్నదిగా తీసుకో, నీ పని చూసుకో అన్నట్టు ఉంటుంది. వెంటనే రేడియోధార్మికత, రాకెట్టు, కెపాసిటరు మీదికి పోతాడు. నేను డిప్లొమా పాసయ్యానంటే దాని పుణ్యమే. రాసినవాడు మూడు బంగారు నక్షత్రాల బాంబు మనిషని అట్ట మీద ఎక్కడా లేదు.

అనుమానం_ఆచారి
ఆ పుస్తకాన్ని అక్కడి పెద్ద గణితవేత్తలు తిట్టారు. పొంత్రియాగిన్ అయితే గట్టిగానే.

పాత_కామ్రేడ్
తిట్టనీ. పొంత్రియాగిన్ నాకు పాఠం చెప్పడానికి రాలేదు కదా.

కోఠి_కాగితాలు
ఆ పుస్తకం నా దగ్గర రెండు ప్రతులున్నాయి, ఒకటి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. లోపల ఎవరో పెన్సిల్‌తో అన్ని లెక్కలూ చేసుకుంటూ వచ్చి 112వ పేజీ దగ్గర ఆపేశారు. అక్కడ ఒక బస్ టికెట్ కూడా ఉంది.

మెకానికల్_మూర్తి
ఒకటి అమ్ముతారా?

కోఠి_కాగితాలు
బస్ టికెట్ ఉన్నది అమ్మను. రెండోది మీ అబ్బాయికి ఊరికే ఇస్తాను, ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

అట్లతద్ది_అరుణ
ఇంత మాట్లాడి ఆయన అట్టు సిద్ధాంతం ఎవరూ ఎత్తలేదే. నా పేరు చూసైనా గుర్తు రావాలి.

రాత్రిపూట_రాజు
అట్టు సిద్ధాంతమా!

అట్లతద్ది_అరుణ
నిజంగానే. 1970లో ఆయన చెప్పింది ఇది. విశ్వం మొదట్లో పదార్థం దాదాపు సమంగా పరుచుకుని, అక్కడక్కడ పిసరంత చిక్కగా ఉంది. ఆ చిక్కటి మేఘం తన బరువుకి తాను కుంగేటప్పుడు అన్ని వైపుల నుంచీ ఒకేలా కుంగదు. ఏదో ఒక వైపు ముందు కుంగుతుంది. అప్పుడు బంతిలా కాకుండా పల్చగా, వెడల్పుగా అవుతుంది. రష్యాలో పల్చటి అట్లని బ్లినీ అంటారు, ఆ పేరే వాడారు. ఆ అట్లు ఒకదాన్నొకటి కలిసిన అంచుల్లో తీగలు, తీగలు కలిసిన ముడుల్లో గెలాక్సీ గుంపులు, మధ్యలో ఖాళీలు.

డీజిల్_దాసు
అంటే మనం పెసరట్టు అంచున ఉన్నామా?

అట్లతద్ది_అరుణ
అంచు కరకరలాడే చోటు అన్నా, అదృష్టం.

అనుమానం_ఆచారి
ఇక్కడా తప్పు ఉంది. ఆయన బృందం ముందు పెద్ద అట్టు, తర్వాత అది ముక్కలై గెలాక్సీలు అంది. అమెరికాలో పీబుల్స్ ముందు చిన్నవి, అవి చేరి పెద్దవి అన్నాడు. పీబుల్స్ గెలిచాడు, 2019లో నోబెల్ కూడా వచ్చింది.

సీఎంబీ_సుబ్బు
సగం ఒప్పుకుంటాను. 1980లో మాస్కోలోనే ఒక ప్రయోగంలో న్యూట్రినో అనే అతి తేలికైన కణానికి 30 ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యరాశి ఉందన్నారు. అది నిజమైతే అట్టే ముందు. ఆ కొలత తర్వాత నిలవలేదు. చల్లటి కృష్ణ పదార్థం, అంటే కంటికి కనబడని, మెల్లగా కదిలే పదార్థం అన్న ఆలోచన వచ్చి చిన్నవి ముందు అన్న వరస నిలబడింది.

కానీ ఇవాళ సూపర్ కంప్యూటర్లలో విశ్వాన్ని నడిపించేవాళ్ళు మొదటి అడుగులో కణాల్ని ఎంత జరపాలో నిర్ణయించేది జెల్డోవిచ్ అప్రాక్సిమేషన్‌తో, అంటే ఆ 1970 నాటి అట్టు లెక్కతో, లేదా దాన్నే కాస్త మెరుగుపరిచిన సూత్రంతో. ఆ కోడ్ నేను ఎన్నిసార్లు నడిపానో లెక్కలేదు. బొమ్మల్లో మీరు చూసే సాలెగూడు లాంటి విశ్వం ఆకారాన్ని కాగితం, పెన్సిల్‌తో ముందే ఊహించినవాడాయన. వరస తప్పింది, ఆకారం ఒప్పు.

అనుమానం_ఆచారి
సగం ఒప్పుకున్నారు కదా. చాలు.

డీజిల్_దాసు
అట్టు అంటే పెనం మీద సమంగా పరుచుకోవాలి. మీరు చెప్పేదానికి మధ్యలో ఖాళీలున్నాయి. అది రవ్వదోసె.

అట్లతద్ది_అరుణ
రవ్వదోసెలో తీగలుంటాయి, ముడులుండవు.

రాత్రిపూట_రాజు
ఉల్లి వేస్తే ముడులే.

అడ్మిన్
రవ్వదోసె వాదన ఇక్కడితో ఆపాలి. కావాలంటే వంటల విభాగం ఉంది.

బయట_చదివిన_డాక్టర్
ఇప్పుడే చూశాను. నేను మెడిసిన్ రష్యాలో చేశాను. మాస్కో వెళ్ళినప్పుడు నోవొదేవిచి శ్మశానానికి తీసుకెళ్ళారు, చెకోవ్, గోగోల్ సమాధులు చూద్దామని. ఈయన సమాధి కూడా అక్కడే ఉంది. మా గ్రూపులో ఒక్కరికీ ఆ పేరు తెలియదు. దాటుకుంటూ పోయాం. అప్పటికి ఇంజినీరింగ్ చదివినవాడు మాతో ఉంటే ఆగేవాళ్ళమేమో.

మెకానికల్_మూర్తి
నేను వచ్చినా డీజిల్ పొగ గుర్తు చేసుకుని దండం పెట్టేవాడిని, అంతే.

ఖగోళం_కబుర్లు
ఒక చిన్న సంగతి చెప్పి పోతాను. ఆయన తెల్లవారుజామునే లేచేవాడు. ఆరున్నర, ఏడు కాకముందే శిష్యులకి ఫోన్ చేసి "ఏమిటి కొత్త సంగతి?" అనేవాడట. రాత్రంతా లెక్కలు చేసి పడుకున్నవాడు మంచం మీద నుంచే ఏదో ఒకటి చెప్పాలి. నొవికొవ్, సున్యాయెవ్, షకూరా, స్తారొబీన్‌స్కీ, అంతా ఆ చుట్టుపక్కల తయారైనవాళ్ళే. షకూరా, సున్యాయెవ్ 1973లో నల్ల బిలం చుట్టూ తిరుగుతూ పడే గ్యాసు పళ్ళెం మీద రాసిన పేపరుని ఇప్పటికీ ఎక్స్‌రే ఖగోళం వాళ్ళు రోజూ తిరగేస్తారు. ఆ విత్తనం కూడా 1964 నాటి జెల్డోవిచ్ లెక్కలోదే. నల్ల బిలంలోకి పడే గ్యాసు పడేముందు వేడెక్కి వెలుగుతుంది అన్నది. అమెరికాలో సాల్‌పీటర్ కూడా అదే సంవత్సరం విడిగా అదే అన్నాడు.

డల్లాస్_దమయంతి
ఆరున్నరకి ఫోన్ చేసే గైడ్ నాకూ ఉండేవాడు. తేడా ఏమిటంటే ఆయనకి కొత్త సంగతి అక్కర్లేదు, రిపోర్టు కావాలి.

శాంతి_కావాలి
నా ప్రశ్న అడుగున పడిపోయింది. పర్వాలేదు, ఒకటి మాత్రం అడుగుతాను. బాంబు పని వల్ల ఆయన్ని బయటి దేశాలకి పంపేవారు కాదంటారు. నిజమేనా?

సీఎంబీ_సుబ్బు
పడమటి దేశాలకి పంపలేదు. తూర్పు యూరప్ దాకా పోనిచ్చారు, 1973లో పోలండ్‌లో క్రాకోవ్ సదస్సుకి వెళ్ళాడు. పడమటి వైపు మొదటిసారి 1982లో, గ్రీస్‌లో పాత్రాస్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశానికి. అప్పటికి ఆయనకి 68. ఇరవై ఏళ్ళుగా పేపర్లలో పేరు చూసినవాళ్ళు మనిషిని చూడటం అప్పుడే. ఇంకో ఐదేళ్ళకి, 1987 డిసెంబరులో పోయాడు.

శాంతి_కావాలి
సరే. ఇది నాకు తెలియదు. అయినా నా మాట మారదు.

పాత_కామ్రేడ్
మార్చుకోమని ఎవరన్నారు తల్లీ.

మూర్తిగారబ్బాయి
నాన్న ఐడీ చూసి నేనూ చేరాను. బిర్యానీ కొన్నాను, ఫ్యామిలీ ప్యాక్, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక డౌట్. మా పుస్తకంలో 214వ పేజీలో పేలుడు అల గురించి "జడ్‌ఎన్‌డీ మోడల్" అని ఉంది. జడ్ అంటే ఈ జెల్డోవిచేనా, లేక ఇంకొకరా? ఈసారి పందెం ఐస్‌క్రీం.

డీజిల్_దాసు
ఎటు కాశావు నాయనా?

మూర్తిగారబ్బాయి
ఇంకొకరని.

ఖగోళం_కబుర్లు
జెల్డోవిచ్, వాన్ నాయ్‌మన్, డోరింగ్. 1940ల్లో ముగ్గురూ మూడు దేశాల్లో విడివిడిగా చేశారు. బటర్‌స్కాచ్ చెప్పు బాబూ, మూర్తి గారికి అదే ఇష్టమనిపిస్తోంది.